ఇడ్లీ పిండిలో ఆ జిగురు ఎవరిది? పాలీశాకరైడ్ చేసే బ్యాక్టీరియాను వేరుచేసి గుర్తించే పద్ధతి

పులిసిన ఇడ్లీ పిండిలో గరిటె ముంచి పైకెత్తితే తీగలా సాగుతుంది. మైక్రోబయాలజీ ప్రాజెక్టు మొదలుపెట్టిన పిల్లలు అది చూడగానే "బ్యాక్టీరియా జిగురు దొరికింది మేడమ్!" అంటారు. అప్పుడే రుబ్బిన, ఇంకా పులియని పిండిలో కూడా ఒకసారి గరిటె ముంచి చూడమంటాను. అదీ సాగుతుంది. ఆ జిగురులో చాలా భాగం మినప్పప్పుది. మినుముల్లో సహజంగా ఉండే అరబినోగెలాక్టన్ అనే బంక పదార్థమే పిండిలో గాలిని పట్టి ఉంచి ఇడ్లీని మెత్తగా చేస్తుంది.

అలాగని ఇడ్లీ పిండిలో మనకు కావలసిన బ్యాక్టీరియా లేదని కాదు, బోలెడంత ఉంది. ఇడ్లీ పిండి పొంగడానికి ముఖ్య కారణం లూకోనోస్టాక్ మెసెంటరాయిడెస్ అని 1965లోనే ప్రచురించారు. పంచదార ఇస్తే డెక్స్‌ట్రాన్ అనే పాలీశాకరైడ్‌ను (చక్కెర అణువుల పొడవాటి గొలుసును) కుప్పలుగా తయారుచేసే బ్యాక్టీరియా అదే. పిండి సాగిందని అది ఉన్నట్టూ కాదు, సాగలేదని లేనట్టూ కాదు. ఈ పనిలో ప్రతి దశలోనూ "ఈ జిగురు నిజంగా ఎవరిది?" అని అడుగుతూనే ఉండాలి. ఆ ప్రశ్న మరిచిపోయిన చోటే ప్రాజెక్టులు దారి తప్పుతాయి.

ఇది ఎమ్మెస్సీ విద్యార్థులకు, డిగ్రీ కాలేజీల్లో ల్యాబ్ నడిపే అధ్యాపకులకు రాస్తున్నది. ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, సెంట్రిఫ్యూజ్ ఉంటే పని జరుగుతుంది. డీఎన్ఏ సీక్వెన్సింగ్ బయట చేయించుకోవచ్చు.

ఎందుకింత శ్రమ?

కణం బయటికి వదిలే పాలీశాకరైడ్‌ను ఎక్సోపాలీశాకరైడ్ అంటారు. ఇక్కడ ఈపీఎస్ అని రాస్తాను. వైన్ జిగురెక్కడానికి సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ 1861లో గమనించాడు. ఆ బంకకు డెక్స్‌ట్రాన్ అని 1874లో షీబ్లర్ పేరు పెట్టాడు. 1878లో వాన్ టీగెమ్ ఆ బ్యాక్టీరియాకు లూకోనోస్టాక్ అని పేరు పెట్టాడు. చక్కెర మిల్లుల వాళ్ళకు ఇది శత్రువు: కొట్టిన చెరకు ఆలస్యంగా గానుగకు చేరితే రసం జిగురెక్కి చక్కెర సరిగా స్ఫటికం కట్టదు. అదే డెక్స్‌ట్రాన్‌ను 1940లలో స్వీడన్ శాస్త్రవేత్తలు రక్తపు ప్లాస్మాకు బదులుగా ఎక్కించే ద్రవంగా మలిచారు. ల్యాబుల్లో అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేయడానికి వాడే సెఫాడెక్స్, రక్తహీనతకు ఇచ్చే ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్, అన్నీ ఈ జిగురు పిల్లలే. బేకరీ పదార్థాల్లో డెక్స్‌ట్రాన్ వాడకానికి యూరోపియన్ యూనియన్ 2001లో అనుమతి ఇచ్చింది.

నమూనా ఎక్కడ, ఎప్పుడు తీయాలి

మన దగ్గర మంచి చోట్లు నాలుగు: ఇడ్లీ లేదా దోసె పిండి, తాటి కల్లు లేదా ఈత కల్లు, తరవాణి, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు. నన్నడిగితే మొదటి ప్రయత్నానికి కల్లు మేలు. చెట్టు నుంచి కారే నీరాలోనే సుక్రోజ్, అంటే మామూలు పంచదార, పుష్కలంగా ఉంటుంది కాబట్టి దాన్ని డెక్స్‌ట్రాన్‌గా మార్చే బ్యాక్టీరియాకు అది పుట్టిల్లు. పొద్దున్నే దించిన కల్లు తెచ్చుకోండి. సాయంత్రానికి ఈస్ట్ రాజ్యమేలుతుంది.

పిండికైతే సమయం చాలా ముఖ్యం. లూకోనోస్టాక్ మొదట్లోనే విజృంభిస్తుంది. పులుపు పెరిగే కొద్దీ ఆమ్లాన్ని బాగా తట్టుకునే పెడియోకాకస్, లాక్టోబాసిల్లై పైచేయి సాధిస్తాయి. అందుకే బాగా పులిసిన మూడో రోజు పిండి తెచ్చి "మేడమ్, ఏమీ రాలేదు" అంటే నేనేం చెయ్యను? రుబ్బిన తర్వాత 4, 8, 12 గంటలకు ఒక్కో నమూనా తీయండి. ప్రతిసారీ పీహెచ్ కొలిచి రాసుకోండి. ఉప్పు ముందే కలిపారా, గిన్నె ఎంత వెచ్చగా ఉంది, ఇవి కూడా నోట్ చేయండి. స్టెరైల్ సీసాలో ఓ 50 గ్రాములు తీసి, ఐస్ పెట్టెలో ఉంచి, అదే రోజు ప్లేట్ చేయండి.

మీడియం: పంచదారే ఎర

లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు అందరూ వాడేది ఎమ్మారెస్ మీడియం. చాలామంది రెడీమేడ్ పొడి కొని తప్పు చేసేది ఇక్కడే. అందులో చక్కెర గ్లూకోజ్ రూపంలో ఉంటుంది. డెక్స్‌ట్రాన్ చేసే ఎంజైమ్ డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్‌కు గ్లూకోజ్ పనికిరాదు, సుక్రోజే కావాలి. అది సుక్రోజ్‌ను విరిచి గ్లూకోజ్ ముక్కలను వరసగా అతికిస్తుంది, ఫ్రక్టోజ్‌ను వదిలేస్తుంది. కాబట్టి గ్లూకోజ్ తీసేసి విడి పదార్థాలతో చేసుకోండి. లీటరుకు ఈ లెక్క:

ప్రొటియోస్ పెప్టోన్ 10 గ్రాములు, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ 10, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, సోడియం అసిటేట్ 5, అమ్మోనియం సిట్రేట్ 2, డైపొటాషియం ఫాస్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 0.1, మాంగనీస్ సల్ఫేట్ 0.05 గ్రాములు, ట్వీన్ 80 ఒక గ్రాము, అగార్ 15 గ్రాములు, సుక్రోజ్ 50 గ్రాములు. పీహెచ్ 6.5.

సుక్రోజ్‌ను మిగతా వాటితో కలిపి ఆటోక్లేవ్ చేయకండి. 121 డిగ్రీల దగ్గర కొంత విరిగిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, రంగు కూడా మారుతుంది. నీళ్ళలో విడిగా కరిగించి 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, మీడియం 50 డిగ్రీలకు చల్లారాక కలపండి. కలిపే నీళ్ళను మొత్తం లీటరులోంచే తగ్గించుకోవాలని గుర్తుంచుకోండి. షాపు పంచదార పనికొస్తుందా అని అడుగుతుంటారు. క్లాసు ప్రాక్టికల్‌కు నిక్షేపంగా పనికొస్తుంది. అంకెలు ప్రచురించాలంటే ల్యాబ్ గ్రేడ్ కొనండి.

పిండిలో, కల్లులో ఈస్ట్ ఉంటుంది కాబట్టి మి.లీ.కి 50 మైక్రోగ్రాముల నిస్టాటిన్ కలపాలి. లూకోనోస్టాక్ మీదే గురి అయితే ఇంకో చిట్కా ఉంది: వాంకోమైసిన్ మి.లీ.కి 30 మైక్రోగ్రాములు. లూకోనోస్టాక్‌కు, వైసెల్లాకు, పెడియోకాకస్‌కు ఈ యాంటీబయాటిక్‌ను తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. చాలా ఇతర గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా చచ్చిపోతాయి. అయితే పెరుగు నమూనాకు దీన్ని వాడకండి. అక్కడ మనకు కావలసిన స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ కూడా పోతుంది.

పలచన చేయడం, ప్లేట్ మీద పరచడం

10 గ్రాముల పిండిని 90 మి.లీ. స్టెరైల్ సెలైన్ (0.85 శాతం ఉప్పు నీరు)లో వేసి బాగా కలపండి. ఇది పది రెట్ల పలచన. అందులోంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ. సెలైన్‌లో కలిపితే వంద రెట్లు. అలా కోటి రెట్ల దాకా వెళ్ళండి. లక్ష, పది లక్షలు, కోటి రెట్ల పలచనల నుంచి 0.1 మి.లీ. చొప్పున రెండేసి ప్లేట్ల మీద పరచండి. 30 నుంచి 300 కాలనీలు వచ్చిన ప్లేటే లెక్కకు పనికొస్తుంది.

పిండి, కల్లు నమూనాలను 30 డిగ్రీల దగ్గర 48 గంటలు, క్యాండిల్ జార్‌లో (లోపల కొవ్వొత్తి వెలిగించి మూతపెట్టి ఆక్సిజన్ తగ్గించే జాడీలో) ఉంచండి. ప్లేట్లను ముందే బాగా ఆరబెట్టుకోవాలి. తడి ప్లేటును తలకిందులుగా పెడితే జిగురు కాలనీలు కరిగి మూతలోకి కారతాయి. అన్నీ కలిసిపోయాక వేరుచేయడం దేవుడి తరం కాదు.

జిగురు కాలనీని ఏరడం

రెండు రోజులకు ప్లేట్ మీద నీటి బొట్టులా మెరుస్తూ ఉబ్బిన కాలనీలు కనిపిస్తాయి. స్టెరైల్ టూత్‌పిక్‌తో తాకి మెల్లగా పైకి లాగండి. తీగ సాగితే దాన్ని 'రోపీ' అంటారు. తీగ లేకుండా జారుడుగా, జెల్లీలా ఉంటే 'మ్యూకాయిడ్'. రెండిట్లోనూ ఈపీఎస్ ఉండవచ్చు. ఒకదాన్ని ఎంచుకుని ఇంకోదాన్ని పారేయకండి. 5 మిల్లీమీటర్లకు మించి తీగ సాగితే రోపీ అని రాసుకోవడం చాలామంది పాటించే పద్ధతి.

పెరుగు బ్యాక్టీరియాలు చేసే ఈపీఎస్ చాలా తక్కువ, కంటికి ఆనదు. వాటికి రుథీనియం రెడ్ ప్లేట్లు వాడాలి: వెన్న తీసిన పాలపొడి 10 శాతం, సుక్రోజ్ 1 శాతం, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 0.5 శాతం, అగార్ 1.5 శాతం, రుథీనియం రెడ్ లీటరుకు 0.08 గ్రాములు. ఆ రంగు కణం గోడకు అంటుకుంటుంది. చుట్టూ జిగురు ఉన్న కణాలకు అంటదు. కాబట్టి ఈపీఎస్ చేసే కాలనీ తెల్లగా, చేయనిది గులాబీ రంగులో కనిపిస్తుంది.

శుద్ధి చేయడంలో ఒక చిక్కుంది. జిగురులో పక్క బ్యాక్టీరియా కణాలు కూడా చిక్కుకుపోయి వస్తాయి. నేరుగా స్ట్రీక్ చేస్తే మూడు తరాలైనా అవి వదలవు. కాలనీని 1 మి.లీ. సెలైన్‌లో వేసి రెండు నిమిషాలు వోర్టెక్స్ చేసి, ఆ నీటిని స్ట్రీక్ చేయండి. కనీసం మూడుసార్లు ఇలా చేసి, ఒకే రూపంలో కాలనీలు వస్తేనే ముందుకెళ్ళండి. అప్పుడే 20 శాతం గ్లిసరాల్‌తో నాలుగైదు ట్యూబులు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఇది చివర్లో చేసే పని కాదు. కొన్ని బ్యాక్టీరియాల్లో, ముఖ్యంగా లాక్టోకాకస్‌లో, ఈ జిగురు గుణం ప్లాస్మిడ్ (ప్రధాన డీఎన్ఏకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉంటుంది. సబ్‌కల్చర్ చేస్తూ పోతే ఒకరోజు జిగురు మాయమవుతుంది.

ఒకే కాలనీ, రెండు చక్కెరలు

నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇదే, ఖర్చు దాదాపు సున్నా. ప్రతి కాలనీని సుక్రోజ్ ప్లేటు మీద, గ్లూకోజ్ ప్లేటు మీద పక్కపక్కనే స్ట్రీక్ చేయండి. సుక్రోజ్ మీద మాత్రమే జిగురు వస్తే అది డెక్స్‌ట్రాన్ లేదా లెవాన్ లాంటి హోమోపాలీశాకరైడ్, అంటే ఒకే చక్కెర గొలుసు. కణం బయట ఉండే ఎంజైమ్ పంచదారతోనే చేస్తుంది. రెండిటి మీదా వస్తే కణం లోపల రకరకాల చక్కెరలు కూర్చి బయటికి పంపే హెటెరోపాలీశాకరైడ్ కావచ్చు. మొదటి రకం లీటరుకు గ్రాముల్లో, ఒక్కోసారి పదుల గ్రాముల్లో వస్తుంది. రెండో రకం మామూలుగా లీటరుకు ఒక గ్రాము దాటదు. దాన్ని చూసి నిరాశపడకండి. పెరుగు గడ్డకట్టి నీరు వదలకుండా ఉండటానికి ఆ కొంచెమే చాలు.

ప్రాథమిక గుర్తింపు

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు సుక్రోజ్ ప్లేటు మీద బ్రహ్మాండంగా మెరిసే ఒక కాలనీ వెంట రెండు నెలలు తిరిగాను. చివరికి తేలిందేమిటంటే అది బాసిల్లస్. బాసిల్లస్ సబ్టిలిస్ కూడా పంచదార నుంచి లెవాన్ అనే ఫ్రక్టోజ్ గొలుసును చేస్తుంది. కాటలేజ్ పరీక్ష మొదటిరోజే చేసి ఉంటే ఆ రెండు నెలలు మిగిలేవి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క స్లైడ్ మీద వేసి కాలనీ కలపాలి. నురగ వస్తే కాటలేజ్ పాజిటివ్, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా కాదు. పది సెకన్ల పని.

తర్వాత గ్రామ్ స్టెయిన్: ఊదా రంగులో, జంటలుగా లేదా చిన్న గొలుసులుగా గుండ్రటి కణాలుంటే లూకోనోస్టాక్ అనుమానించవచ్చు. తర్వాత గ్యాస్ పరీక్ష. గ్లూకోజ్ బ్రాత్‌లో డర్హామ్ ట్యూబ్ తలకిందులుగా పెట్టి చూడాలి. లూకోనోస్టాక్ హెటెరోఫర్మెంటేటివ్ కాబట్టి లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతుంది. ఈ పరీక్షకు అమ్మోనియం సిట్రేట్ లేని మీడియం వాడాలి, ఎందుకంటే సిట్రేట్ నుంచి కూడా గ్యాస్ వస్తుంది. చివరిది ఆర్జినిన్ నుంచి అమ్మోనియా. లూకోనోస్టాక్ ఇవ్వదు, వైసెల్లా కన్ఫ్యూసా ఇస్తుంది. ఈ వైసెల్లా కూడా డెక్స్‌ట్రాన్ చేస్తుంది, ఇడ్లీ పిండిలోనూ దొరుకుతుంది, గ్యాసూ వదులుతుంది, వాంకోమైసిన్‌కూ చావదు. పేరులోనే కన్ఫ్యూజన్ ఉంది మరి.

16ఎస్ జన్యువుతో పేరు పెట్టడం

16ఎస్ అనేది అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉండి, జాతిని బట్టి కొద్దిగా మారే జన్యువు; దాన్ని చదివి పేరు పెడతాం. ఇక్కడ జిగురు మనకే అడ్డుపడుతుంది. పాలీశాకరైడ్ డీఎన్ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను (డీఎన్ఏ నకళ్ళు తీసే చర్యను) ఆపేస్తుంది. డెక్స్‌ట్రాన్ చేసే రకమైతే ఉపాయం తేలిక: డీఎన్ఏ కోసం పెంచేటప్పుడు గ్లూకోజ్ బ్రాత్ వాడండి. పంచదార లేదు కాబట్టి జిగురూ లేదు. కణాలను లైసోజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాకే కిట్‌లో చెప్పిన పద్ధతి మొదలుపెట్టండి. గ్రామ్ పాజిటివ్ గోడ అంత తేలిగ్గా పగలదు. డీఎన్ఏ కొలిచినప్పుడు 260/280 నిష్పత్తి 1.8 చుట్టూ ఉండాలి. 260/230 బాగా తక్కువగా ఉంటే పాలీశాకరైడ్ ఇంకా మిగిలి ఉందేమో చూసుకోండి.

27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో సుమారు 1,500 బేస్‌ల ముక్క వస్తుంది. 95 డిగ్రీలు 5 నిమిషాలు, తర్వాత 30 సైకిళ్ళు (95 డిగ్రీలు 30 సెకన్లు, 55 డిగ్రీలు 30 సెకన్లు, 72 డిగ్రీలు 90 సెకన్లు), చివర్లో 72 డిగ్రీలు 10 నిమిషాలు. రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించండి. ఒకవైపే చేయిస్తే 700, 800 బేస్‌లకు మించి నమ్మకంగా రావు, డబ్బు మిగిలినట్టే ఉంటుంది కానీ జాతి తేలదు.

వచ్చిన సీక్వెన్స్‌ను బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌లను పోల్చే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో) వేసి మొదటి పేరు కాపీ చేసుకోవడం పెద్ద జబ్బు. టైప్ స్ట్రెయిన్‌లతో (ఒక్కో జాతికి ప్రమాణంగా పెట్టుకున్న కల్చర్లతో) మాత్రమే పోల్చండి. 98.7 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే వేరే జాతి అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువ ఉన్నంత మాత్రాన అదే జాతి అని కాదు. వైసెల్లా కన్ఫ్యూసా, వైసెల్లా సిబారియా రెండూ 16ఎస్‌లో దాదాపు ఒకటే. లాక్టోబాసిల్లై వర్గంలోని ప్లాంటారమ్, పెంటోసస్ కూడా అంతే. అలాంటప్పుడు రెక్‌ఏ లేదా ఫీఎస్ లాంటి ఇంకో జన్యువు చూడాలి. ఇంకో మాట: 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని విడగొట్టి 23 కొత్త ప్రజాతులు చేశారు. పాత లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్. థీసిస్‌లో పాత పేరు రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే.

ఈపీఎస్ తీయడం, కొలవడం

సుక్రోజ్ బ్రాత్ 50 మి.లీ.లో 25 డిగ్రీల దగ్గర 48 గంటలు పెంచండి. పక్కనే బ్యాక్టీరియా వేయని అదే బ్రాత్ ఇంకో 50 మి.లీ. పెట్టండి. ఈ రెండోదాన్ని దయచేసి వదిలేయకండి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉండే మన్నన్ కూడా ఆల్కహాల్ పోస్తే తెల్లగా అడుగున దిగుతుంది. కంట్రోల్ లేకపోతే దాన్ని కూడా మీ బ్యాక్టీరియా ఖాతాలో వేసేస్తారు.

బ్రాత్‌ను మరిగే నీళ్ళలో 10 నిమిషాలు ఉంచితే ఎంజైములు ఆగిపోతాయి. మరీ చిక్కగా ఉంటే అంతే నీరు కలపండి, లేకపోతే సెంట్రిఫ్యూజ్‌లో కణాలు కిందికి దిగవు. 10,000 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పి పైద్రవం తీసుకోండి. దానికి నాలుగో వంతు 20 శాతం టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం) కలిపితే మొత్తంలో 4 శాతం అవుతుంది. చల్లగా రెండు గంటలు ఉంచి మళ్ళీ తిప్పితే ప్రొటీన్లు పోతాయి. ఆ ద్రవంలో మూడు రెట్లు చల్లటి ఇథనాల్ మెల్లగా పోస్తూ గాజు కడ్డీతో కలపండి. మంచి డెక్స్‌ట్రాన్ అయితే పీచుమిఠాయిలా కడ్డీకి చుట్టుకుంటుంది. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి, తిప్పి, అడుగున దిగినదాన్ని నీళ్ళలో కరిగించి, 12 నుంచి 14 కిలోడాల్టన్ల డయాలిసిస్ గొట్టంలో రెండు రోజులు నీళ్ళు మారుస్తూ ఉంచండి. మిగిలిపోయిన పంచదార, ఫ్రక్టోజ్ పోవడానికి ఇది తప్పనిసరి. తర్వాతి పరీక్షకు ఏ చక్కెరైనా ఒకటే, తేడా తెలియదు.

ఆ పరీక్ష ఫీనాల్ సల్ఫ్యూరిక్ ఆమ్ల పద్ధతి, 1956 నుంచి వాడుకలో ఉంది. 1 మి.లీ. నమూనా, 1 మి.లీ. 5 శాతం ఫీనాల్, ఆపైన 5 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేగంగా, నేరుగా ద్రవం మీద పడేలా. వేడి పుట్టాలి, అదే రంగు తెస్తుంది. ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోకండి. ఫీనాల్ చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియదు, అదే ప్రమాదం. చల్లారాక 490 నానోమీటర్ల దగ్గర చూసి, మి.లీ.కి 10 నుంచి 100 మైక్రోగ్రాముల గ్లూకోజ్‌తో గీసిన స్టాండర్డ్ గీతతో పోల్చండి.

లెక్క ఇలా. డయాలిసిస్ తర్వాత ద్రవం 20 మి.లీ. వచ్చింది. వంద రెట్లు పలచన చేస్తే 45 మైక్రోగ్రాములు చూపింది. అసలు ద్రవంలో మి.లీ.కి 4,500 మైక్రోగ్రాములు, అంటే 4.5 మిల్లీగ్రాములు. 20 మి.లీ.లో 90 మిల్లీగ్రాములు. ఇది 50 మి.లీ. బ్రాత్ నుంచి వచ్చింది కాబట్టి లీటరుకు 1.8 గ్రాములు. కంట్రోల్‌లో లీటరుకు 0.2 వస్తే, మీది 1.6.

అది ఏ పాలీశాకరైడో తేల్చుకోవాలంటే కొంత పొడిని ఆమ్లంతో విరిచి టీఎల్‌సీ ప్లేటు (పలుచని పొర మీద చక్కెరలను విడదీసే ప్లేటు) మీద చూడండి. గ్లూకోజ్ మచ్చ ఒక్కటే ఉంటే డెక్స్‌ట్రాన్ వర్గం, ఫ్రక్టోజ్ ఉంటే లెవాన్ వర్గం. లెవాన్ అనుమానం ఉంటే ఆమ్లం, వేడి తగ్గించాలి, ఫ్రక్టోజ్ త్వరగా మాడిపోతుంది. ఎన్ఎంఆర్ (అణువుల నిర్మాణం చూపే యంత్రం) దొరికితే ఇంకా మంచిది. ప్రోటాన్ స్పెక్ట్రమ్‌లో 4.97 పీపీఎం దగ్గర శిఖరం కనిపిస్తే ఆల్ఫా 1,6 బంధం, 5.3 దగ్గర ఇంకోటి ఉంటే ఆల్ఫా 1,3 కొమ్మలు.

దాచడం, డిపాజిట్ చేయడం

ఆహారంలో వాడే ఆలోచన ఉంటే రక్తపు అగార్ మీద హీమోలైసిస్ (ఎర్ర రక్తకణాలను పగలగొట్టే గుణం) పరీక్ష, యాంటీబయాటిక్ పరీక్షలు చేయించాలి. లూకోనోస్టాక్ వాంకోమైసిన్‌ను తట్టుకుంటుందని రిపోర్టు వస్తే టెన్షన్ పడకండి, అది పుట్టుకతో వచ్చిన గుణం. టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్‌లకు లొంగకపోతే అప్పుడు ఆలోచించాలి. ఆ జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలవు.

పనికొచ్చే స్ట్రెయిన్ దొరికితే సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రాలైన చండీగఢ్‌లోని ఎంటీసీసీలో గానీ పుణెలోని ఎన్‌సీఐఎంలో గానీ డిపాజిట్ చేయండి, 16ఎస్ సీక్వెన్స్‌ను జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డేటాబేస్‌లో పెట్టండి. విదేశాల్లో చదువుతున్న మన పిల్లలు సెలవులకు వచ్చి అమ్మమ్మ ఇంటి పిండిని ట్యూబులో వేసుకుని ల్యాబుకు పట్టుకెళ్ళాలని చూస్తుంటారు. 2002 జీవవైవిధ్య చట్టం లెక్కలో సూక్ష్మజీవులు కూడా మన దేశ జీవవనరులే. పరిశోధన కోసం బయటికి పంపాలన్నా, వాటి మీద పేటెంట్ అడగాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందే చూసుకోవాలి. సూట్‌కేస్ సర్దాక కాదు.